పొట్టి తుపాకీ

వెర్లిన్ స్టాంపర్ పిస్తోలు కొన్నది దొంగల భయంతో కాదు, ఆదివారం మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని తిండి తినలేక. ఆ మాట పైకంటే నలుగురూ నవ్వుతారని అతనికి తెలుసు. అందుకని దొంగల భయమనే చెప్పుకున్నాడు. మా మిజోరీ కొండల్లో ఆ భయం ఉందంటే ఎవరూ నవ్వరు, పైగా ఏ కంపెనీది కొన్నావని ఆసక్తిగా అడుగుతారు.

అంతకు ముందు అతని దగ్గర పిస్తోలు లేదు. జింకల వేటకు పొడుగు తుపాకీ ఒకటి ఉండేది గానీ, మోకాళ్ళు అరిగాక అమ్మేశాడు. పిస్తోలు సంగతి ఎత్తితే భార్య జొనెల్ సాగనిచ్చేది కాదు. "పొడుగుది జింకల కోసం, సరే. పొట్టిది మనుషుల కోసమేగా చేస్తారు? ఈ ఇంట్లో ఉన్న మనుషులం మనిద్దరమే," అనేది. ఆ ఇద్దరిలో ఆవిడ కాస్తా క్యాన్సర్‌తో పోయింది. పిల్లలు లేరు.

వెర్లిన్ బతుకంతా గ్యాస్ లారీ తోలాడు. కొండదారులు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పెరట్లో ట్యాంకులు నింపేవాడు. చుట్టుపక్కల అతన్ని చూసి మొరిగే కుక్క లేదు. ప్రతి ఇంట్లో ఓ కప్పు కాఫీ, కాసేపు లోకాభిరామాయణం. వాళ్ళంతా ఎదురుచూసింది గ్యాసు కోసమే గానీ తన కోసం కాదని రిటైరయ్యాక తెలిసొచ్చింది. జొనెల్ ఉన్నన్నాళ్ళూ అదో లోటనిపించలేదు. ఆవిడ పోయాక ఇల్లు నోరు మూసుకుంది. టీవీలో వాన కబుర్లు చెప్పే కుర్రాడితో వాదన పెట్టుకునే స్థితికొచ్చాడు. "వానా లేదు గీనా లేదు, నా మోకాలు చెప్పడం లేదు," అనేవాడు. కుర్రాడు తన పాటికి తను మేఘాలు చూపించుకుంటూ పోయేవాడు.

ఆదివారాలు మరీ అన్యాయం. పొద్దున్న చర్చిలో అందరూ చెయ్యి పట్టుకుని ఊపి, "దేవుడు దీవించు గాక, బ్రదర్ వెర్లిన్" అంటారు. ఆరాధన అయిపోగానే ఎవరి కుటుంబం వాళ్ళ కారెక్కుతుంది. వెర్లిన్ ఇంటికొచ్చి చిక్కుడుగింజల డబ్బా మూత తీసి, పొయ్యి దగ్గర నిలబడే తినేవాడు. కూర్చుంటే ఎదుటి కుర్చీ కనబడుతుంది.

అలా ఉండగా, ఎక్కడో వేరే రాష్ట్రంలో చర్చిలోకి ఎవడో దూరి కాల్పులు జరిపాడని వార్త వచ్చింది. మా చర్చిలో పెద్దలు కూర్చుని, మనకూ కాపలా ఉండాలన్నారు. షెరీఫ్ దగ్గర పోలీసుగా చేసి రిటైరైన రాయిస్ టాకెట్ దానికి నాయకుడు. అతనూ, డ్వైట్ అని కోళ్ళఫారం ఆయనా, ఇంకో ఇద్దరూ చేరారు. దానికి సేఫ్టీ టీమ్ అని పేరు పెట్టుకున్నారు. చొక్కా కింద పిస్తోలు, పైన కోటు. ఆరాధన అయ్యాక ఆ టీమంతా పెగ్గీ హోటల్‌కు పోయి భోజనం చేస్తూ, ఆ రోజు కాపలా ఎలా సాగిందో మాట్లాడుకుంటారు. వెర్లిన్ మనసు లాగింది కాపలా వైపు కాదు, ఆ భోజనం వైపు.

ఓ ఆదివారం చర్చి మెట్ల మీద రాయిస్‌ను పట్టుకున్నాడు.

"రాయిస్, మీ టీములో ఇంకో మనిషి కావాలా?"

రాయిస్ అతన్ని ఎగాదిగా చూశాడు. "కావాలి. నీ దగ్గర పిస్తోలుందా?"

"లేకేం?"

"ఏదీ, ఎప్పుడూ చూళ్ళేదే!"

"చూపించుకు తిరగడానికా అది?" అన్నాడు వెర్లిన్.

రాయిస్‌కు ఆ జవాబు తెగ నచ్చింది. మర్నాడే వెర్లిన్ పక్క టౌనుకు పోయి, అబద్ధాన్ని నిజం చేసుకొచ్చాడు.

శిక్షణలో రాయిస్ చెప్పినవి రెండే ముక్కలు. లోపలికొచ్చేవాడి ముఖం చూడకు, చేతులు చూడు. మరుగుదొడ్డికి పోయినప్పుడు పిస్తోలు ఒరతో సహా తీసి ఎక్కడో పెట్టి మర్చిపోకు. "నవ్వకండిరా. ఈ దేశంలో పిస్తోళ్ళు పోయేది దొంగల చేతుల్లోకి కాదు, మరుగుదొడ్లోనే. ప్యాంటు కిందికి దించగానే దాని బరువుకు బెల్టు జారుతుంది, తీసి గోడకున్న, తుడుచుకునే కాగితం పెట్టె మీద పెడతాం, పని కాగానే చక్కా వస్తాం," అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. వెర్లిన్ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఇక పెగ్గీ హోటల్లో భోజనమంటే చూసి తీరాల్సిందే. కాపలా మనిషన్నవాడు గోడకు వీపు పెట్టి, తలుపు వైపు చూస్తూ కూర్చోవాలి. అయిదుగురూ కాపలా మనుషులే. దాంతో బల్లకు ఒకే వైపు, పెళ్ళి ఫొటోకు కూర్చున్నట్టు, భుజాలు రాసుకుంటూ కూర్చునేవాళ్ళు. అవతలి వైపంతా ఖాళీ. "ఇదేమైనా తీర్పు చెప్పే కోర్టా అబ్బాయిలూ?" అని పెగ్గీ విసుక్కుంటూ వేయించిన చేపా, బెండకాయ వేపుడూ, మొక్కజొన్న రొట్టే తెచ్చి పెట్టేది. రాయిస్ మోచెయ్యి తగిలి వెర్లిన్ కాఫీ ఒలికేది, డ్వైట్ అతని ప్లేట్లో బెండకాయలు కాజేసేవాడు. ఆ ఇరుకు వెర్లిన్‌కు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. వారమంతా ఆ గంటన్నర కోసం బతికేవాడు.

ఇంట్లో మాత్రం పిస్తోలు మరోలా పని చేసింది. అది వచ్చాకే అతనికి తలుపు గడియ ఉందని గుర్తొచ్చింది. అంతకు ముందు చెత్తడబ్బా కదిలితే ఏ అడవి పిల్లో అనుకుని ఊరుకునేవాడు కాస్తా, ఇప్పుడు మనిషే అనుకుంటున్నాడు. "నీ ఇల్లు కొండ మీద విసిరేసినట్టుంటుంది. ఫోను చేస్తే షెరీఫ్ మనుషులు రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, నేనే ఆలస్యంగా వెళ్ళేవాణ్ణి. నీకు నువ్వే దిక్కు," అంటాడు రాయిస్. కాదనడానికి లేదు. కాకపోతే అన్నేళ్ళుగా ఆ ఇంటికి దొంగ రాలేదు, చుట్టమూ రాలేదు. దొంగ వచ్చినా కాస్త కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవాడేమో వెర్లిన్.

అలా చలికాలం గడిచి, కొండల మీద చెట్లు చిగిర్చాయి. ఓ ఆదివారం వెర్లిన్‌కు వెనక తలుపు దగ్గర కాపలా. రాయిస్ బయట కార్ల చుట్టూ తిరుగుతున్నాడు. పాస్టర్ ట్రెంట్ గారు వాక్యం చెబుతున్నారు. కుర్రవాడైనా గొంతు మంచిది. వెర్లిన్ అలవాటుగా చొక్కా కింద నడుము తడుముకున్నాడు.

ఒర లేదు.

పాటలు పాడుతుండగా దొడ్డికి వెళ్ళొచ్చాడు. కాగితం పెట్టె మీద పెట్టాడు. పెట్టినట్టు చెయ్యికి కూడా గుర్తుంది.

నడవలోంచి గబగబా వెళ్ళి మరుగుదొడ్డి తలుపు తోశాడు. పెట్టె మీద ఏమీ లేదు. నేల మీద లేదు, చెత్తబుట్టలో లేదు. మా చర్చిలో మగవాళ్ళకు ఒకటే మరుగుదొడ్డి, దాని పక్కనే పిల్లల సండే స్కూల్ గది. ఆ గది తలుపు బార్లా తీసి ఉంది. చిన్నపిల్లలు నడవలో పరుగులు పెడుతున్నారు, వాళ్ళ టీచరు లోపల బిస్కెట్లు పంచుతోంది. ఎవడో పిల్లవాడు ఎక్కడో మూల నుంచి "ఢాం ఢాం" అంటున్నాడు. పిల్లలు ఎప్పుడూ అనేదే అది. వెర్లిన్‌కు ఈసారి అది ఆటలా వినపడలేదు.

రాయిస్‌కు చెబుదామంటే అతను బయట ఏ మూలనున్నాడో. చెవిలో వైర్లు పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునే యంత్రాలు కొనడానికి చర్చికి స్తోమత లేదు, ఆ లోయలో ఫోనుకు సిగ్నల్ రాదు. వెతుక్కుంటూ పోతే, ఈలోగా?

నిజం చెప్పాలంటే, అతనికి మొదట గుర్తొచ్చింది పిల్లలు కాదు. పెగ్గీ హోటల్ బల్ల. ఇప్పుడు నోరు విప్పితే ఆ బల్ల దగ్గర చోటు పోతుంది. విప్పకపోతే, ఏ పెద్దమనిషో తీసి జాగ్రత్త చేసి ఉంటే, ఎవరికీ తెలియకుండానే గడిచిపోతుంది. ఏ పెద్దమనిషో తీసే ఉంటాడు. తియ్యకపోతే? వెర్లిన్ నడవలో అలా నిలబడ్డాడు, సిగ్గుపడాల్సినంత సేపు నిలబడ్డాడు. అప్పుడు ఆ "ఢాం" మళ్ళీ వినపడింది.

చర్చి మధ్య దారిలో ముందుకు నడిచి, వాక్యానికి అడ్డం వచ్చాడు.

"పాస్టర్ గారూ, ఆపండి. నా పిస్తోలు మరుగుదొడ్లో మర్చిపోయాను. ఇప్పుడక్కడ లేదు. గుళ్ళు నిండా ఉన్నాయి. అందరూ మీ పిల్లల్ని దగ్గరకు తీసుకోండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బెంచీలన్నీ ఒక్కసారి కదిలాయి. తల్లులు నడవలోకి పరిగెత్తారు. డ్వైట్ తలుపులు మూయించాడు. పిల్లలు ఎందుకో తెలియకుండానే ఏడుపు లంకించుకున్నారు. ఆ గోలకు బయటి నుంచి రాయిస్ ఆయాసపడుతూ వచ్చాడు. సంగతేమిటో విని, కోటు జేబులోంచి వెర్లిన్ పిస్తోలు తీసి పైకెత్తాడు.

"నా దగ్గరుంది. వీడి తర్వాత దొడ్లోకి వెళ్ళింది నేనే. గుళ్ళు తీసేశాను. కూర్చోండి అందరూ," అన్నాడు.

ఎవరూ కూర్చోలేదు. మరిండా అనే చిన్నావిడ, తన నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని తిన్నగా వెర్లిన్ దగ్గరకు వచ్చింది.

"నా కూతురు పొద్దున్న ఆ దొడ్లోకే వెళ్ళొచ్చింది, ఆడవాళ్ళది ఖాళీ లేదని. మీరు పైకి చెప్పారు, మంచిదే. కానీ మిమ్మల్ని క్షమించడం నా వల్ల కాదు, వెర్లిన్ గారూ. దేవుడు క్షమిస్తాడేమో, ఆయనకు నాలుగేళ్ళ ఆడపిల్ల లేదు."

"క్షమించొద్దమ్మా," అన్నాడు వెర్లిన్.

ఆ రోజు చర్చి లోపల అతనితో ఎదురుగా నిలబడి మాట్లాడిన మనిషి ఆవిడ ఒక్కతే. మిగతా వాళ్ళు పక్కకు చూస్తూ తప్పుకున్నారు. చర్చి పెద్దలు అక్కడికక్కడే కూడబలుక్కుని, వెర్లిన్‌ను టీములోంచి తీసేశారు. మిగిలిన వాళ్ళు కూడా ఇకమీదట పిస్తోళ్ళు కార్లలోనే వదిలి రావాలన్నారు. డ్వైట్ ముఖం కందగడ్డ అయింది.

కార్ల దగ్గర రాయిస్ ఓ కాగితం సంచిలో పిస్తోలు పెట్టి చేతికిచ్చాడు.

"కాసేపు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదిరా? హోటల్లో దీన్ని నీ ప్లేటు పక్కన పెట్టి, నాలుగు తిట్టి, ఏడిపించి వదిలేసేవాణ్ణి. అంతటితో పోయేది. నేను మాత్రం మర్చిపోలేదా? ఓసారి పెట్రోలు బంకులో వదిలేసి వెనక్కి పరిగెత్తాను, యూనిఫారంలో ఉండి!"

"పిల్లలున్నారు కదా, రాయిస్."

"ఉన్నారు. కాదన్నానా?" రాయిస్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నా దగ్గరుందని నీకు చెప్పి ఉండాల్సింది. సరదాకి చెప్పలేదు. ఇప్పుడు ఊరంతా మన ముఖాన ఉమ్మేస్తోంది."

అతను వెళ్ళిపోయాడు. వెర్లిన్ పెగ్గీ హోటల్ మీదుగానే ఇంటికి పోవాలి. టీము ట్రక్కులన్నీ వరసగా అక్కడే ఆగి ఉన్నాయి. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు. అతను ట్రక్కు వేగం తగ్గించాడు గానీ ఆపలేదు.

మరుసటి ఆదివారం చర్చికి పోలేదు. ఎవరైనా ఫోను చేసి ఏమోయ్ రాలేదేం అంటారని చూశాడు. సాయంత్రం ఫోనులో పాస్టర్ గారి మాట ఒకటి రికార్డయి ఉంది, "బ్రదర్ వెర్లిన్, మిమ్మల్ని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటున్నాం" అని. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోవడానికి కారు తియ్యక్కర్లేదు, పెట్రోలు పొయ్యక్కర్లేదు. వెర్లిన్ ఆ మాటను మళ్ళీ మళ్ళీ విన్నాడు, మనిషి గొంతు కదా అని.

తర్వాత వారమంతా అతనికి రోజులు తెలియలేదు. గడ్డం గీసుకోవడం మానేశాడు. వాన కుర్రాడితో వాదన కూడా మానేశాడు.

శనివారం మధ్యాహ్నం, ఎండ బాగానే ఉంది. పిస్తోలు తుడుద్దామని, ఒరతో పాటు గుళ్ళూ ఉన్న ఆ కాగితం సంచిని వంటింటి బల్ల మీదకు తెచ్చాడు. తుడవలేదు. దానికి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపటికి, తను ఏం ఆలోచిస్తున్నాడో తనకే తెలిసింది. ఏడుపు రాలేదు, గుండె దడ కూడా లేదు. రేపటి నుంచి ఈ ఇంట్లో ఎవరూ లేకపోతే ఎవరి పనీ ఆగదు, అన్న ఆలోచన సామాన్లు కొనుక్కొచ్చే పని గుర్తొచ్చినంత మామూలుగా వచ్చి కూర్చుంది. ఆ మామూలుతనానికే అతనికి భయం వేసింది. ఈ ఇంట్లో పిస్తోలు వచ్చాక ఎన్నిసార్లు భయపడ్డాడో, అవన్నీ ఉత్త భయాలు. ఇదొక్కటే నిజమైనది.

కుర్చీ వెనక్కి పడేంత జోరుగా లేచాడు. బూట్లు కూడా వేసుకోకుండా, మేజోళ్ళతోనే పెరట్లోకి వచ్చేశాడు. గ్యాస్ ట్యాంకు దగ్గర తప్ప ఆ ఇంటి చుట్టుపక్కల ఎక్కడా ఫోను పలకదు. దానికి ఆనుకుని నిలబడి, పేర్లు చూసుకున్నాడు. గ్యాస్ కంపెనీ, డాక్టరు, చర్చి, రాయిస్. జొనెల్ పేరు ఇంకా తీసెయ్యలేదు. రాయిస్ పేరు నొక్కాడు.

"ఆఁ, చెప్పు," అన్నాడు రాయిస్. గొంతులో ఇంకా బిగువు ఉంది.

"నా పిస్తోలు నీ దగ్గర పెట్టుకుంటావా?"

"నేనెందుకూ? పెద్దలు చర్చిలో వద్దన్నారు గానీ ఇంట్లో వద్దన్నారా? ఒంటరిగాడివి, ఊరికి దూరంగా ఉన్నావు. అసలు అది ఉండాల్సింది నీలాంటివాడి దగ్గరే."

"ఒంటరిగా ఉన్నాను కాబట్టే అడుగుతున్నాను, రాయిస్."

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది. రాయిస్ ఉద్యోగంలో ఉండగా ఈ కొండల మీద అలాంటి ఇళ్ళకు ఎన్నింటికి వెళ్ళాడో అతనికే తెలుసు. ఎప్పుడూ ఆలస్యంగానే వెళ్ళేవాడు.

"అదెక్కడుంది ఇప్పుడు?"

"వంటింట్లో, బల్ల మీద."

"నువ్వెక్కడున్నావ్?"

"ట్యాంకు దగ్గర."

"అక్కడే ఉండు. లోపలికి పోకు. మంచినీళ్ళకు కూడా పోకు. ఫోను పెట్టెయ్యకు, నేను బయల్దేరుతున్నా." తాళాల చప్పుడు, ట్రక్కు తలుపు, ఇంజను. "ఉన్నావా?"

"ఉన్నా."

"ఏం తిన్నావు పొద్దున్న?"

"గుర్తు లేదు."

"గుర్తు లేకపోవడమేంట్రా? నేనైతే మాడిన రొట్టె తిన్నా. మా ఆవిడ చెల్లెలింటికి పోయింది, వంట నాది. కుక్క కూడా ముట్టుకోలేదు." రాయిస్ ఆపకుండా మాట్లాడుతున్నాడు. ట్రక్కులో ఏదో కిటకిటమంటోందన్నాడు, డ్వైట్ కోళ్ళకు జబ్బు చేసిందన్నాడు, రోడ్డు గుంతల్ని తిట్టాడు. మధ్యలో ఉన్నట్టుండి, "ప్రతి ఆదివారం తలుపు కేసే చూస్తూ నిలబడ్డాం కదరా, ఎవడొస్తాడా అని," అన్నాడు. ఆ మాట అక్కడే ఆపేశాడు. "ఇదిగో, లోయలోకి దిగుతున్నా. ఫోను కట్ అయితే కంగారుపడకు, అవతలి కొండ ఎక్కగానే మళ్ళీ..."

కట్ అయింది.

వెర్లిన్ ఫోను చెవి దగ్గర నుంచి తియ్యలేదు. గాలి కూడా లేదు. వంటింటి తలుపు వేసుకోకుండా వచ్చేశాడు, అది తెరిచే ఉంది. లోపల పడిపోయిన కుర్చీ కాళ్ళు కనబడుతున్నాయి. రాయిస్ ఎక్కడైనా ఆగిపోతే? మనసు మారితే? వెనక్కి తిరిగి, తెరిచిన తలుపుకు వీపు పెట్టి, గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. రాయిస్ చూస్తే ఇదేం కాపలా అని తిట్టేవాడు. గడ్డి గింజలు మేజోళ్ళ నిండా అంటుకున్నాయి. "రా రాయిస్, రా," అని పైకే అనేశాడు, సిగ్గు లేకుండా.

ఫోను మోగింది.

"ఉన్నావా?" గొంతు దాదాపు అరుపులా ఉంది.

"ఉన్నా, ఉన్నా."

"మాట్లాడు మరి! నేనే వాగాలా ఎప్పుడూ?"

వెర్లిన్ మాట్లాడాడు. తోచినదల్లా చెప్పాడు. గడ్డం పెరిగిందని చెప్పాడు. ఆ ఆదివారం హోటల్ ముందు ట్రక్కు వేగం తగ్గించానని చెప్పాడు. "నేను చూశాను," అన్నాడు రాయిస్, చాలా మెల్లగా. "కిటికీలోంచి చూశాను. లేచి రావాల్సింది, రాలేదు."

ట్రక్కు గేటు దగ్గర దుమ్ము రేపుతూ ఆగింది. రాయిస్ ఇంటి వైపు, వంటింటి వైపు కన్నెత్తి చూడలేదు. మోకాలి ఎత్తు గడ్డిలో తిన్నగా ట్యాంకు దగ్గరకు నడిచొచ్చి, వెర్లిన్ ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు అలాగే ఉన్నాయి.

"వచ్చేశాను," అన్నాడు రాయిస్ ఫోనులోకి.

"కనబడుతున్నావు," అన్నాడు వెర్లిన్.

"మరి ఇక పెట్టెయ్యరాదూ."

"ముందు నువ్వు పెట్టు."

ఇద్దరిలో ఎవరూ పెట్టలేదు.